జులై 25 ఎందుకు?

దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్న బిట్‌బ్యాంకులో రాష్ట్రపతుల ప్రమాణ స్వీకారం తేదీ వరసగా జులై 25 అనే ఉంది. ఎందుకబ్బా అని ఎల్‌బీనగర్ మెట్రోలో ఫోన్‌లో వెతికితే నీలం సంజీవరెడ్డిగారి దగ్గర తేలాను.

అనంతపురం జిల్లా ఇల్లూరు ఆయనది. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి. 1969లో లోక్‌సభ స్పీకర్ పదవి వదిలేసి మరీ రాష్ట్రపతి పదవికి నిలబడ్డారు. కాంగ్రెస్ అభ్యర్థి ఆయనే, కానీ ఇందిరాగాంధీ వర్గం వి.వి.గిరికి ఓటేసింది. ఓడిపోయి, సొంత జిల్లాకి వెళ్లి వ్యవసాయం చేసుకున్నారు. నాకైతే ఇక్కడే నచ్చారు.

1977లో రాష్ట్రంలోని 42 సీట్లలో 41 కాంగ్రెస్‌వే. జనతా తరఫున నంద్యాలలో ఈయనొక్కరే గెలిచారు. మళ్లీ స్పీకర్. ఆ జులైలో 37 నామినేషన్లు పడితే 36 చెల్లలేదు, పోటీ లేకుండానే రాష్ట్రపతి అయిపోయారు. 25న ప్రమాణం. పదవీకాలం ఐదేళ్లు కదా, 1982లో జైల్‌సింగ్ కూడా అదే తేదీన వచ్చారు. ఆ తర్వాత వాళ్లందరిదీ అదే తేదీ.