పారశీకం నేర్చిన హరిదాసు

తూర్పు కనుమల పాదాల చెంత, నేటి పార్వతీపురం మన్యం జిల్లా బలిజిపేట మండలంలో అజ్జాడ అనే పల్లె ఉంది. అరకు లోయను తన ఒడిలో దాచుకున్నది కూడా ఈ కనుమలే. ఆ పల్లెలో 1864 ఆగస్టు 31న జన్మించిన ఆదిభట్ల నారాయణదాసును తెలుగువారు హరికథా పితామహుడని గౌరవిస్తారు. ఆయన ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు చేసిన పండితుడని మాత్రం మనలో చాలామందికి తెలియదు.

గురువుల దగ్గర ఏళ్ల తరబడి శిక్షణ పొందే అవకాశం ఆయనకు లేకపోయింది. ఆ రోజుల్లో కుప్పుస్వామి నాయుడు అనే కళాకారుడు విజయనగరంలో హరికథ చెప్పాడు. అది విన్న దాసు 1883లో ధ్రువచరిత్రను తానే రచించి గానం చేశారు. అది మొదలు కథ, పాట, రాగం, తాళం అన్నీ ఆయనవే. కాలికి గజ్జెలు కట్టి, చేత చిరతలు పట్టి, ఒక్కరే నిలబడి పాడుతూ, ఆడుతూ రాత్రంతా వేలమందిని కూర్చోబెట్టేవారు. రాజాస్థానాల్లో పండితులు విని మెచ్చే రాగాలను పందిళ్ల కింద చదువురాని రైతు కూడా విని ఆనందించాడంటే అది ఆయన చలవే. 90 రాగాలను ఒకే కూర్పులో గుదిగుచ్చిన రాగ నవతి ఆయన స్వరరచనా శక్తికి నిదర్శనం.

1919లో విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామ గజపతి ఒక సంగీత పాఠశాలను నెలకొల్పారు. సంస్థాన ఉద్యోగి ఒకరి కుమారుడు అంధుడు, సంగీతమంటే ప్రాణం. ఆ ఒక్క బాలుడికి దారి చూపాలన్న తలంపుతో మొదలైన విద్యాలయమది. దాని తొలి అధ్యక్షుడు నారాయణదాసు. ఆ ఏడే ద్వారం వెంకటస్వామి నాయుడు అనే 26 ఏళ్ల యువకుడు విద్యార్థిగా చేరాలని అక్కడికి వచ్చాడు. చూపు మందగించిన ఆ యువకుడి వాయులీనం విన్నాక, అతన్ని శిష్యుల వరుసలో కాక ఆచార్య పీఠంపై కూర్చోబెట్టారు. 1936లో దాసు వైదొలగగా ఆ పదవి ద్వారం వారికే దక్కింది. ప్రతిభ కనబడితే పక్కన చోటివ్వడం అక్కడి సంస్కారం.

ఆయనకు సంస్కృతం, ఆంగ్లంతో పాటు ఉర్దూ, అరబీ, పారశీక భాషలూ తెలుసు. ఉమర్ ఖయ్యాం 1048లో నైషాపూరులో పుట్టిన మహా గణితవేత్త. బీజగణితంపై గ్రంథం రాసి, పంచాంగాన్ని సంస్కరించిన మేధావి. అయితే 1859లో ఫిట్జెరాల్డ్ చేసిన ఆంగ్లానువాదం వల్లనే లోకానికి ఆయన కవిగా పరిచయమయ్యారు. ఆ అనువాదం మూలానికి దూరంగా ఉందని దాసు అభిప్రాయం. అందుకే పారశీక మూలాన్నీ, ఫిట్జెరాల్డ్ ఆంగ్లాన్నీ సంస్కృతంలోకి, సంస్కృత పదాల కలయిక లేని అచ్చ తెలుగులోకి మార్చి, పాఠకులే పోల్చి చూసుకునేలా 1932లో పుస్తకంగా వెలువరించారు. సంగీత సభను మనం కచేరీ అంటాం. ఆ మాట ఉర్దూ, హిందీల నుంచి వచ్చిందే. భాషల మధ్య ఎప్పటినుంచో ఉన్న ఈ రాకపోకలను దాసు తన శ్రమతో మరింత పెంచారు.

1945 జనవరి 2న ఆయన కన్నుమూశారు. జీవితమంతా రామకథ, కృష్ణకథ పాడిన ఆ భక్తుడు నైషాపూరు కవిని మూడో మనిషి మాటమీద అంచనా కట్టలేదు. ఆ కవి భాష నేర్చుకుని, ఆయన మాటనే నేరుగా విన్నారు. ఇరుగుపొరుగు గురించి వదంతులే విని, వారితో పది నిమిషాలైనా మాట్లాడకుండా అనుమానాలు పెంచుకునే మనకు ఆయన జీవితం మంచి పాఠం. స్నేహానికి తొలి మెట్టు ఎదుటివారి మాటను వారి నోటనే వినడం. ఆ ఓపిక ఉన్న ఊరిలో పాటకైనా, మనిషికైనా చోటు కరువవదు.