లైనస్ పౌలింగ్

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పడమటి భాగాన ఉన్న పోర్ట్‌లాండ్ నగరంలో 1901 ఫిబ్రవరి 28న లైనస్ పౌలింగ్ జన్మించాడు. తండ్రి మందుల దుకాణం నడిపేవాడు. పౌలింగ్‌కు తొమ్మిదేళ్ళ వయసులో ఆయన చనిపోయాడు. తల్లి ఇంట్లో అద్దెకు మనుషులను ఉంచుకొని, వారికి వండిపెట్టి ముగ్గురు పిల్లలను సాకింది. ఒక స్నేహితుడి ఇంట్లో చూసిన చిన్న ప్రయోగం పౌలింగ్‌కు రసాయనశాస్త్రంపై మక్కువ కలిగించింది. చరిత్ర పాఠాలు పూర్తి చేయలేదని ఉన్నత పాఠశాలవారు ఆయనకు యోగ్యతాపత్రం ఇవ్వలేదు. అది లేకుండానే ఆయన కళాశాలలో చేరాడు. పాఠశాలవారు ఆ పత్రాన్ని 1962లో ఇచ్చారు. అప్పటికి ఆయన నోబెల్ బహుమతి అందుకొని ఎనిమిదేళ్ళయింది!

పదార్థాలలో పరమాణువులు ఒకదానినొకటి ఎలా పట్టుకొని ఉంటాయో వివరించినందుకు 1954లో ఆయనకు ఆ బహుమతి లభించింది. అదే సంవత్సరం మార్చి 1న అమెరికా పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవిలో హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. సుమారు 160 కిలోమీటర్ల దూరాన ఉన్న రాంగెలాప్ దీవిపై కొన్ని గంటల తరువాత తెల్లని పొడి రాలింది. అది విషధూళి అని ఎరుగని పిల్లలు దానితో ఆడుకున్నారు. దీవివాసులను రెండు రోజుల తరువాత గాని అక్కడినుండి తరలించలేదు. కాలక్రమంలో ఆ పిల్లలలో చాలామందికి మెడలోని థైరాయిడ్ గ్రంథి దెబ్బతిన్నది. నాడు పసివారైన ఇద్దరు బాలురు తోటివారితో సమానంగా ఎదగక పొట్టిగా ఉండిపోయారు. 1960లలో ఆ గ్రంథి స్రవించవలసిన రసాన్ని మందుగా ఇచ్చిన తరువాతనే వారిలో మళ్ళీ ఎదుగుదల కనిపించింది.

దగ్గరి దీవులవారి సంగతి ఇలా ఉండగా, దూరదేశాల పిల్లల మాటేమిటి? పౌలింగ్‌ను వేధించిన ప్రశ్న ఇదే. బాంబు ధూళిలో స్ట్రాంషియం-90 అనే పదార్థం ఉంటుంది. గాలి దానిని భూగోళమంతా తిప్పుతుంది. వానతో అది గడ్డిపై పడుతుంది. ఆ గడ్డి మేసిన ఆవు పాలలోకి వస్తుంది. స్ట్రాంషియం కాల్షియం కుటుంబానికే చెందిన మూలకం. అందువల్ల శరీరం దానిని కాల్షియం లాగానే ఎముకలలోకి, పళ్ళలోకి చేర్చుకుంటుంది. పెద్దల ఎముకలు ఎదిగి ఆగినవి. పిల్లల ఎముకలు రోజురోజుకూ పెరిగేవి కనుక వారికే ముప్పు ఎక్కువ. అలా చేరినదానిలో సగం నశించడానికే సుమారు 29 ఏళ్ళు పడుతుంది.

1957 మే నెలలో పౌలింగ్ సెయింట్ లూయిస్ నగరంలో ప్రసంగించి, పరీక్షలు ఆపాలని కోరుతూ శాస్త్రవేత్తల సంతకాల సేకరణ ప్రారంభించాడు. భార్య ఏవా హెలెన్ ఆయనకు కుడిభుజమై నిలిచింది. 1958 జనవరిలో ఆ విజ్ఞప్తి ఐక్యరాజ్యసమితికి చేరింది. మొత్తం మీద 49 దేశాలకు చెందిన 11,021 మంది సంతకం చేశారు. పౌలింగ్ లెక్కలు అతిశయోక్తులని వాదించిన శాస్త్రజ్ఞులూ లేకపోలేదు.

ఆ ఏడాది చివరనే సెయింట్ లూయిస్‌లో వైద్యులు, శాస్త్రజ్ఞులు, గృహిణులు కలిసి పిల్లల ఊడిన పాలపళ్ళు సేకరించడం మొదలుపెట్టారు. సుమారు 3 లక్షల పళ్ళు వచ్చాయి. పన్ను పంపిన పిల్లలకు బహుమానంగా ఒక బిళ్ళ ఇచ్చేవారు. 1950ల తొలినాళ్ళలో పుట్టిన పిల్లల పళ్ళలో స్ట్రాంషియం-90 పెరుగుతూ వచ్చిందని 1961లో తేలింది.

పౌలింగ్ ఇక్కట్లకు లోనుకాకపోలేదు. 1952లోనే ప్రభుత్వం ఆయన విదేశయానానికి అనుమతి నిరాకరించింది. 1960లో సెనేట్ ఉపసంఘం ఆయనను పిలిపించి, సంతకాలు సేకరించినవారి పేర్లు చెప్పమని నిలదీసింది. చెప్పకపోతే చెరసాల తప్పదన్న భయం ఉన్నా, తనను నమ్మిన యువకులకు కీడు చేయనని ఆయన పేర్లు చెప్పలేదు. చివరకు ఉపసంఘమే వెనక్కి తగ్గింది. 1962 ఏప్రిల్‌లో ఆయన పగలు అధ్యక్షుడు కెనెడీ నివాసం ఎదుట అట్ట పట్టుకొని పరీక్షలకు నిరసన తెలిపాడు. ఆ రాత్రే అదే భవనంలో నోబెల్ గ్రహీతలకు ఇచ్చిన విందుకు అతిథిగా వెళ్ళాడు!

1963 ఆగస్టు 5న అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ మాస్కోలో ఒప్పందం చేసుకొని గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలు మానుకున్నాయి. భారతదేశం కూడా అందులో చేరింది. భూగర్భంలో మాత్రం పరీక్షలు సాగాయి. ఒప్పందం అమలులోకి వచ్చిన అక్టోబరు 10నాడే, 1962వ సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతి పౌలింగ్‌కు ప్రకటించారు. ఆ తరువాత పుట్టిన పిల్లల పాలపళ్ళలో స్ట్రాంషియం తగ్గసాగింది.

వృద్ధాప్యంలో ఆయన విటమిన్-సి గురించి చెప్పిన గొప్పలను వైద్యలోకం అంగీకరించలేదు. 1994 ఆగస్టు 19న, 93వ ఏట, కాలిఫోర్నియాలోని తన తోట ఇంట్లో పౌలింగ్ కన్నుమూశాడు.