గోలకొండ పత్రిక సురవరం ప్రతాపరెడ్డి గారు

మన జోగిపేటలో 1930 మార్చిలో నిజాం రాష్ట్ర ప్రథమ ఆంధ్ర మహాసభ జరిగింది. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి తప్పనిసరైన రోజులవి. దానికి అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డి గారు.

వారు 1896 మే 28న పాలమూరు ప్రాంతంలో జన్మించారు. న్యాయశాస్త్రం చదివినా మనసు తెలుగు మీదే. హైదరాబాదులో రెడ్డి హాస్టలు బాధ్యతలు చూశారు. (అది ఒక కులం పేరుతో వెలసిన హాస్టలు, మన సంక్షేమ హాస్టళ్ళు అప్పటికింకా లేవు.)

పాలన, చదువు ఉర్దూలో సాగే కాలంలో, 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. అందులోని రాతలు నిజాం ప్రభుత్వానికి కంటగింపయ్యాయి. సంపాదకీయాలను ముందుగా చూపించి, ఆమోదం పొందాకే అచ్చు వేయాలని ఆంక్ష పెట్టారు. ప్రతాపరెడ్డి గారు చూపించనూ లేదు, ఆ చోటు ఖాళీగా వదలనూ లేదు. ప్రపంచ మేధావుల సూక్తులు ఏరి సంపాదకీయం స్థానంలో వేశారు. చెప్పదలచిందేమిటో పాఠకులకు అర్థమయ్యేది. ఎంత తెలివి!

తెలంగాణలో కవులే లేరని ఒకరు రాస్తే, వాదానికి దిగకుండా 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు.

1952లో వనపర్తి శాసనసభ్యులయ్యారు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. సామాన్యుల బ్రతుకును చరిత్రగా రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అందుకోవడానికి వారు లేరు.