మేరీ స్టోప్స్

మేరీ ఛార్లెట్ కార్‌మైకేల్ స్టోప్స్ (అక్టోబరు 15, 1880 - అక్టోబరు 2, 1958) బ్రిటన్‌కు చెందిన పురావృక్ష శాస్త్రవేత్త, రచయిత్రి. సంతాన నియంత్రణ ఉద్యమ నాయకురాలిగా ప్రపంచమంతటా ప్రసిద్ధి పొందిన ఈమె అంతకుముందే బొగ్గు గనులలోని వృక్ష శిలాజాలను సేకరించి, పరిశోధించి శాస్త్రరంగంలో పేరు గడించింది. నేలబొగ్గు ప్రాచీన చిత్తడి అడవులలోని వృక్షావశేషాల నుండి ఏ విధంగా ఏర్పడిందో వివరించిన తొలితరం పరిశోధకులలో ఈమె ఒకరు. బొగ్గులోని భాగాలకు ఈమె పెట్టిన పేర్లు భూగర్భ శాస్త్రంలో నేటికీ వాడుకలో ఉన్నాయి.

బాల్యం, విద్యాభ్యాసం

మేరీ స్టోప్స్ స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో జన్మించింది. తండ్రి హెన్రీ స్టోప్స్ వృత్తిరీత్యా ఇంజనీరు. బీరు తయారీ కర్మాగారాల నిర్మాణంలో నిపుణుడైన ఆయనకు శిలాజాలను, ప్రాచీన మానవుని రాతి పనిముట్లను సేకరించడంలో అమితమైన ఆసక్తి ఉండేది. తల్లి ఛార్లెట్ కార్‌మైకేల్ స్టోప్స్ షేక్స్‌పియర్ సాహిత్యంపై పరిశోధన చేసిన విదుషీమణి, స్త్రీల ఓటు హక్కును సమర్థించిన వ్యక్తి. మేరీ పసితనంలోనే వీరి కుటుంబం లండన్‌కు తరలివెళ్ళింది. పన్నెండేళ్ళ వయసు వరకు తల్లి వద్దనే చదువుకొన్న మేరీ, తరువాత ఎడిన్‌బరో, లండన్ నగరాలలోని పాఠశాలలలో విద్యనభ్యసించింది.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో వృక్షశాస్త్రం, భూగర్భ శాస్త్రం చదివి 1902లో పట్టభద్రురాలయ్యింది. అక్కడ ఆమె గురువైన ఫ్రాన్సిస్ వాల్ ఆలివర్, డి.హెచ్.స్కాట్ అనే మరొక శాస్త్రవేత్తతో కలిసి ఆ కాలంలోనే ఒక ముఖ్యమైన విషయాన్ని నిరూపించాడు. బొగ్గు యుగానికి చెందిన కొన్ని మొక్కలు చూడడానికి ఫెర్న్‌ల వలె ఉన్నప్పటికీ వాటికి విత్తనాలు ఉండేవని వీరు కనుగొన్నారు. ఈ వాతావరణంలో మేరీకి శిలాజ వృక్షాలపై ఆసక్తి కలిగింది. తరువాత జర్మనీలోని మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో సైకాడ్ మొక్కల అండాలపై పరిశోధన చేసి 1904లో డాక్టరేటు పొందింది. 1905లో లండన్ విశ్వవిద్యాలయం నుండి డి.ఎస్సీ. పట్టం కూడా అందుకొంది.

మాంచెస్టర్ - బొగ్గు గుండ్లు

1904లో మేరీ స్టోప్స్ మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర బోధకురాలిగా చేరింది. ఆ విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్ర బోధనకు నియమింపబడిన తొలి మహిళ ఈమెయే. సమీపంలోని లాంకషైర్, యార్క్‌షైర్ ప్రాంతాల గనులలో కొన్ని బొగ్గు పొరల మధ్య గుండ్రటి రాళ్ళు లభించేవి. వీటిని కోల్ బాల్స్, అనగా బొగ్గు గుండ్లు అంటారు. గని కార్మికులకు ఇవి పనికి అడ్డుపడే రాళ్ళు మాత్రమే. పురావృక్ష శాస్త్రవేత్తలకు మాత్రం అమూల్యమైనవి. చుట్టూ ఉన్న వృక్ష పదార్థమంతా నలిగి బొగ్గుగా మారిపోగా, ఈ గుండ్లలో మాత్రం మొక్కల కణాలు సుమారు 30 కోట్ల సంవత్సరాల తరువాత కూడా చెక్కుచెదరకుండా ఉంటాయి. గుండును పలుచని ముక్కలుగా కోసి, గాజు పలకపై అతికించి, వెలుతురు ప్రసరించేంత పలుచగా అరగదీసి సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించడం ఆనాటి పద్ధతి.

బొగ్గుకు కారణమైన మొక్కలు అక్కడే పెరిగాయా, లేక నీటిలో కొట్టుకువచ్చి చేరాయా అన్నది ఆ కాలంలో పెద్ద వివాదం. ఈ గుండ్లు ఎక్కడివన్న ప్రశ్న కూడా దీనితో ముడిపడి ఉంది. స్టోప్స్, అప్పటికి విద్యార్థిగా ఉన్న డి.ఎం.ఎస్.వాట్సన్‌తో కలిసి ఈ సమస్యను చేపట్టింది. స్వయంగా గనులలోకి దిగి, గుండ్లు బొగ్గు పొరలో ఏ స్థానంలో ఉన్నాయో పరిశీలించింది. ఈ గుండ్లు ఉన్న బొగ్గు పొరల పైకప్పు రాతిలో సముద్ర జీవుల గుల్లలు కనిపించాయి. చిత్తడి అడవిని సముద్రం ముంచెత్తినపుడు ఉప్పునీటిలోని లవణాలు, కుళ్ళుతున్న వృక్ష పదార్థంతో కలిసి కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్లుగా అక్కడక్కడా గడ్డకట్టాయని, ఆ గడ్డలే ఈ గుండ్లని వీరు వివరించారు. అనగా అవి ఎక్కడినుండో దొర్లివచ్చినవి కావు, ఆ అడవి నేలలోనే ఏర్పడినవి. దీనికి భిన్నంగా, పైకప్పు రాతిలో లభించే గుండ్లలోని మొక్కలు వేరే జాతులకు చెందినవి. అవి మెట్ట ప్రాంతాల నుండి నీటిలో కొట్టుకువచ్చినవని వీరు భావించారు. ఈ పరిశోధన 1908-09లో రాయల్ సొసైటీ ప్రచురణలో వెలువడింది.

జపాన్ ప్రయాణం

రాయల్ సొసైటీ ఆర్థిక సహాయంతో 1907లో స్టోప్స్ జపాన్ వెళ్ళింది. సుమారు ఏడాదిన్నర పాటు టోక్యో విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, హొక్కైడో ద్వీపంలోని బొగ్గు గనుల ప్రాంతాలలో సంచరించి క్రెటేషియస్ యుగపు శిలాజాలను సేకరించింది. పూల మొక్కల పుట్టుకకు సంబంధించిన ఆధారాలను అన్వేషించడం ఆమె ఉద్దేశం. ఆమె, జపాన్ వృక్షశాస్త్రవేత్త కెంజిరో ఫుజీ కలిసి ఈ శిలాజాలను 1910లో వర్ణించారు. సామాన్య పాఠకుల కోసం ఏన్షియంట్ ప్లాంట్స్ అనే పుస్తకాన్ని కూడా ఆమె అదే సంవత్సరం వెలువరించింది.

అంటార్కిటికా శిలాజాలు

మాంచెస్టర్‌లో ఉన్న కాలంలోనే స్టోప్స్ దక్షిణ ధ్రువ అన్వేషకుడైన కెప్టెన్ రాబర్ట్ ఫాల్కన్ స్కాట్‌ను కలుసుకొంది. దక్షిణ ఖండాలన్నీ ఒకప్పుడు గోండ్వానా అనే ఒకే భూభాగంగా ఉండేవని ఎడ్వర్డ్ సూయెస్ ప్రతిపాదించాడు. గ్లాసోప్టెరిస్ అనే మొక్క శిలాజాలు అంటార్కిటికాలో దొరికితే ఆ సిద్ధాంతానికి బలం చేకూరుతుంది. తనను యాత్రకు తీసుకువెళ్ళమని ఆమె కోరింది కాని ఆ అవకాశం లభించలేదు. శిలాజాలను సేకరించి తెస్తానని స్కాట్ మాట ఇచ్చాడు. 1912లో దక్షిణ ధ్రువం నుండి తిరిగివస్తూ స్కాట్ బృందం మరణించింది. వారి మృతదేహాల వద్ద సుమారు 16 కిలోల రాళ్ళు లభించాయి. వాటిలో గ్లాసోప్టెరిస్ ఆకులు ఉన్నట్లు 1914లో ఎ.సి.సీవర్డ్ ప్రకటించాడు. తెలంగాణలోని సింగరేణి గనులున్న గోదావరి లోయ బొగ్గు క్షేత్రాలలో కూడా ఈ మొక్క శిలాజాలు లభిస్తాయి.

ఫెర్న్ లెడ్జెస్

కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలో సెయింట్ జాన్ పట్టణం వద్ద, ఫండీ అఖాతపు తీరంలో ఫెర్న్ లెడ్జెస్ అనే శిలలున్నాయి. వీటిలోని మొక్కలు డెవోనియన్ యుగానికి చెందినవని ప్రఖ్యాత శాస్త్రవేత్త జె.డబ్ల్యు.డాసన్ నిర్ణయించాడు. మరికొందరు ఈ అభిప్రాయాన్ని అంగీకరించలేదు. కెనడా భూగర్భ సర్వే సంస్థ ఈ వివాదాన్ని పరిష్కరించే పనిని స్టోప్స్‌కు అప్పగించింది. ఆమె ఆ శిలలను పరిశీలించి, పాత సేకరణలను మళ్ళీ పోల్చిచూసి, ఐరోపా బొగ్గు క్షేత్రాలలోని జాతులతో వాటికి గల సామ్యాన్ని గుర్తించింది. ఈ శిలలు కార్బానిఫెరస్ యుగానికి చెందినవని 1914లో ప్రచురించిన గ్రంథంలో నిర్ధారించింది. ఈ పర్యటన కాలంలోనే, 1911లో, మాంట్రియల్‌లో రెజినాల్డ్ రగుల్స్ గేట్స్ అనే వృక్షశాస్త్రవేత్తను వివాహమాడింది. కొద్ది సంవత్సరాలకే ఆ వివాహం న్యాయస్థానంలో రద్దయ్యింది.

బొగ్గు నిర్మాణం

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో స్టోప్స్, రసాయన శాస్త్రవేత్త ఆర్.వి.వీలర్‌తో కలిసి బొగ్గు నిర్మాణాన్ని పరిశోధించింది. 1919లో ఆమె, చారలుగా కనిపించే బొగ్గులో కంటితో గుర్తించదగిన నాలుగు భాగాలున్నాయని తెలిపి వాటికి పేర్లు పెట్టింది.

విట్రేన్ - గాజు వలె మెరిసే నల్లని భాగం.
క్లారేన్ - పట్టు వంటి మెరుపు గల, సన్నని చారలున్న భాగం.
డ్యూరేన్ - మెరుపు లేని గట్టి భాగం.
ఫ్యూసేన్ - కట్టెబొగ్గు వలె చేతికి మసి అంటే, సులభంగా పొడి అయ్యే భాగం.

బొగ్గు మండే తీరు, కోక్ తయారీకి దాని యోగ్యత, గనులలో ధూళి ఏర్పడడం వంటివి ఈ భాగాల పాళ్ళపై ఆధారపడి ఉంటాయి కనుక పరిశ్రమకు ఈ విభజన ఉపయోగపడింది. 1935లో ఆమె బొగ్గులోని సూక్ష్మ భాగాలకు మాసెరల్ అనే పదాన్ని ప్రవేశపెట్టింది. రాతికి ఖనిజాలు ఎటువంటివో బొగ్గుకు మాసెరళ్ళు అటువంటివి. అదే సంవత్సరం నెదర్లాండ్స్‌లోని హీర్లెన్‌లో జరిగిన సమావేశంలో ఆమోదింపబడిన వర్గీకరణకు స్టోప్స్-హీర్లెన్ విధానమని పేరు.

సంతాన నియంత్రణ ఉద్యమం

1918లో ప్రచురించిన మ్యారీడ్ లవ్ అనే పుస్తకం స్టోప్స్ జీవితాన్ని మలుపు తిప్పింది. అదే సంవత్సరం హంఫ్రీ వెర్డన్ రోను వివాహమాడింది. 1921 మార్చి 17న భర్తతో కలిసి లండన్‌లోని హాలోవేలో బ్రిటన్‌లో మొట్టమొదటి సంతాన నియంత్రణ కేంద్రాన్ని స్థాపించింది. పేద స్త్రీలకు ఇక్కడ ఉచితంగా సలహాలు ఇచ్చేవారు. ఆమె సుజనన వాదాన్ని బలంగా నమ్మింది. వ్యాధిగ్రస్తులు, బలహీనులు అని తాను భావించినవారు సంతానాన్ని కనరాదని ప్రచారం చేసింది. ఈ భావాలు తీవ్ర విమర్శలకు గురయ్యాయి. ఆమె పేరుతో నడచిన అంతర్జాతీయ సంస్థ ఈ కారణంగానే 2020లో తన పేరును మార్చుకొంది.

చివరి దశ

ఇంగ్లాండు దక్షిణ తీరంలోని పోర్ట్‌లాండ్ ద్వీపం ప్రాచీన వృక్ష శిలాజాలకు ప్రసిద్ధి. స్టోప్స్ ఆ ద్వీపంలో ఇల్లు కొనుక్కొని, 1930లో అక్కడి ప్రదర్శనశాల స్థాపనకు తోడ్పడి, దానికి తొలి సంరక్షకురాలిగా వ్యవహరించింది. 1958 అక్టోబరు 2న డార్కింగ్ సమీపంలోని స్వగృహంలో మరణించింది. ఆమె చితాభస్మాన్ని పోర్ట్‌లాండ్ తీరంలోని సముద్రంలో కలిపారు. సామాన్య ప్రజలకు ఆమె సంతాన నియంత్రణ ఉద్యమం ద్వారానే గుర్తుండిపోగా, బొగ్గును పరీక్షించే ప్రయోగశాలలలో మాత్రం ఆమె కల్పించిన పదాలు నిత్యవ్యవహారంగా నిలిచాయి.