జోలె పట్టి నేర్చిన పాట

ఘంటసాల పాటల్లో ఏది గొప్పదంటే, మన పాత విద్యార్థులు నలుగురు చేరితే వాదన తెగదు. నన్నడిగితే, పాటల కన్నా ముందు ఆయన చదువుకున్న తీరు గొప్పది. 1922లో కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. సంగీతం నేర్చుకోవాలని విజయనగరం వెళ్లి, తిండికి జరుగుబాటు లేక జోలె పట్టి మధూకరం చేశారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు పైసా తీసుకోకుండా పాఠం చెప్పారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లారు. తర్వాత మద్రాసు చేరి గాయకుడయ్యారు. 'పాతాళ భైరవి' (1951), 'లవకుశ' (1963) చిత్రాలకు సంగీతమూ కూర్చారు. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1974లో, 51 ఏళ్లకే కన్నుమూశారు.

విజయనగరంలో అన్నం పెట్టిన ఇళ్లూ, ఆ గురువుగారూ లేకపోతే మనకా గొంతు దక్కేది కాదు. మన బడిలోనూ చేతిలో డబ్బు లేని పిల్లలున్నారు. వాళ్లకు మనం ఆసరా అవుదాం.