ప్రవక్త (స) నడిచిన నేలను కొలిచిన డాక్టర్ హమీదుల్లాహ్

మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల నుంచి ఉమ్రాకు వెళ్ళివచ్చిన వారిని మదీనాలో ఏం చూశారని అడిగి చూడండి. మస్జిదె నబవీ గురించి కళ్ళు చెమర్చుతూ చెబుతారు. ఉహుద్ సంగతి అడిగితే మాత్రం బస్సు కాసేపు ఆగిందని, గైడ్ ఏదో చెప్పాడని, పక్కనే ఖర్జూరాలు కొన్నామని అంటారు. మేము వెళ్ళినప్పుడూ అంతే. ఖందఖ్ తవ్విన చోటు ఇదేనని గైడ్ చెయ్యి చూపించే లోపే బస్సు మలుపు తిరిగింది. మాతో వచ్చిన ఒక పెద్దాయన ఒక ప్రశ్న వేశారు. ఖురైషులు మక్కా నుంచి, అంటే దక్షిణం వైపు నుంచి వచ్చారు. ఉహుద్ కొండ మదీనాకు ఉత్తరాన ఉంది. మరి శత్రువు ఊరిని దాటుకుని అవతలి వైపుకు ఎందుకు వెళ్ళాడు? గైడ్ దగ్గర జవాబు లేదు. సిగ్గుపడవలసిన విషయమేమిటంటే, మా దగ్గరా లేదు.

ఆ జవాబు ఇంటికి తిరిగి వచ్చాక ఒక ఉర్దూ పుస్తకంలో దొరికింది. దాన్ని రాసినవారు ఎక్కడో అరబ్బు దేశపు పండితుడు కాదు, మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (రహ్మతుల్లాహ్ అలైహ్).

ఆయన 1908లో ఒక నవాయత్ కుటుంబంలో జన్మించారు. తరతరాలుగా ధార్మిక విద్యకు పేరుపొందిన ఇల్లు అది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. ఆ రోజుల్లో అక్కడ న్యాయశాస్త్రం మొదలు సైన్సు వరకు ఉర్దూలోనే బోధించేవారు. మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు కూడా అప్పుడు అదే నిజాం రాజ్యంలో ఉండేవి కాబట్టి ఇక్కడి పిల్లలకూ పెద్ద చదువు అంటే ఉస్మానియానే. హమీదుల్లాహ్ గారు అక్కడితో ఆగలేదు. జర్మనీలోని బాన్ నగరంలో 1933లో ఒక డాక్టరేటు, పారిస్‌లోని సార్బాన్‌లో 1935లో మరొకటి సంపాదించారు. మొదటిది ఇస్లామీయ అంతర్జాతీయ న్యాయశాస్త్రం మీద. రెండోది దైవప్రవక్త (స), ఖులఫాయె రాషిదీన్‌ల కాలపు దౌత్య సంబంధాల మీద. తిరిగి వచ్చి ఉస్మానియాలోనే అధ్యాపకులయ్యారు.

గ్రంథాలయాల్లో కూర్చున్నంత మాత్రాన సీరత్ పూర్తిగా అర్థం కాదని ఆయన గ్రహించారు. 1930ల దశకంలోనే హిజాజ్‌కు వెళ్ళి బద్ర్, ఉహుద్, ఖందఖ్, తాయిఫ్ ప్రాంతాలను స్వయంగా పరిశీలించారు. ఆ కాలాన్ని ఒకసారి ఊహించుకోండి. సౌదీ అరేబియా అనే పేరుతో రాజ్యం ఏర్పడిందే 1932లో. చమురు బయటపడింది 1938లో. మక్కా మదీనాల మధ్య నేటి విశాలమైన రహదారి లేదు. మన వైపు నుంచి హజ్‌కు పోయేవారు బొంబాయిలో ఓడ ఎక్కి జిద్దాలో దిగేవారు. అటుపై ఇసుక, రాళ్ళు, ఎండ. దారి తెలిసిన స్థానికుడు వెంట లేకుండా అడుగు వేయలేని నేల అది. హిజ్రత్ ప్రయాణంలో సాక్షాత్తు దైవప్రవక్త (స) కూడా అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అనే దారి చూపేవాణ్ణి కూలికి కుదుర్చుకున్నారని మనకు తెలుసు. అతను అప్పటికి ముస్లిం కూడా కాదు. అయినా దారి తెలిసినవాడు, నమ్మదగినవాడు. సౌర్ గుహ నుంచి సముద్రం వైపుగా, జనం అంతగా నడవని బాటన తీసుకువెళ్ళాడు.

హమీదుల్లాహ్ గారు ఆ మైదానాలను చూసి, దువా చేసుకుని వచ్చేయలేదు. దూరాలు లెక్కించారు, దిక్కులు సరిచూసుకున్నారు, పటాలు గీశారు. ఇబ్నె హిషామ్, తబరీ వంటి పాత చరిత్రకారుల రాతల్లోని కొండ పేర్లు, లోయ పేర్లు ఎదుట ఉన్న నేలతో ఎక్కడ కలుస్తున్నాయో చూశారు. అలా తయారైనదే ‘అహదె నబవీ కే మైదానె జంగ్’ అనే గ్రంథం. తరువాత అది ఇంగ్లీషులోనూ వచ్చింది.

ఇక మా పెద్దాయన ప్రశ్న. ఆనాటి మదీనా నేటి నగరంలా ఒక్కచోట కూడుకున్న ఊరు కాదు. దూరదూరంగా ఉన్న పేటల సముదాయం. దానికి తూర్పున, పడమటన ‘హర్రా’ అనే నల్లటి అగ్నిపర్వత శిలల నేల ఉంది. ఆ రాళ్ళ మీద ఒంటె నడవడమే కష్టం, గుర్రపు దళం సంగతి చెప్పనక్కర్లేదు. దక్షిణాన దట్టమైన ఖర్జూర తోటలు, గోడలు, ఇరుకు బాటలు. పెద్ద సైన్యం బారులు తీరడానికి వీలైన బయలు ఉత్తరాన మాత్రమే ఉంది. అందుకే హిజ్రీ 3లో (క్రీ.శ. 625) మూడు వేల మంది ఖురైషు సైన్యం చుట్టూ తిరిగి ఉహుద్ దగ్గర దిగింది. రెండేళ్ళ తరువాత హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) సలహాపై కందకం తవ్వింది కూడా ఆ ఉత్తరం వైపే. మిగతా దిక్కులకు రాళ్ళు, తోటలే కోటగోడలు. ఉహుద్‌లో యాభై మంది విలుకాండ్రను నిలబెట్టిన ఐనైన్ గుట్ట నేటికీ ఉంది. ఆ చిన్న గుట్టను వదిలేస్తే వెనుక నుంచి గుర్రాలు ఎలా వస్తాయో అక్కడ నిలబడి చూసినవారికి వేరే చెప్పనవసరం లేదు.

బద్ర్ సంగతీ అంతే. అన్‌ఫాల్ సూరాలో అల్లాహ్ ఆ రోజు దృశ్యాన్ని ప్రస్తావిస్తూ విశ్వాసులు లోయకు ఇవతలి అంచున, శత్రువులు అవతలి అంచున, వర్తక బిడారు కింది వైపున ఉన్నట్లు తెలిపాడు. మనం ఎన్నోసార్లు తిలావత్ చేసి ఉంటాం. కొండల నడుమ ఉన్న ఆ మైదానం పటాన్ని ముందు పెట్టుకుని, సముద్రం ఎటు ఉందో గుర్తుంచుకుని చదివితే ఆ వాక్యం కళ్ళకు కడుతుంది.

ఇస్లాంకు పూర్వపు అరబ్బుల జీవితాన్ని కూడా ఆయన అంతే శ్రద్ధగా పరిశోధించారు. ఖురైష్ సూరాలో వచ్చే ‘ఈలాఫ్’ అంటే ఏమిటి, చలికాలం, ఎండాకాలం బిడారులకు ఏయే ఒప్పందాలు రక్షణగా ఉండేవి, మక్కా నగర పాలన ఎలా సాగేది అన్న వాటిపై వ్యాసాలు రాశారు. మదీనా ఒడంబడికను ప్రపంచంలోని మొదటి లిఖిత రాజ్యాంగంగా పరిచయం చేసింది కూడా ఆయనే.

1948లో ఆయన జీవితం మలుపు తిరిగింది. హైదరాబాద్ సమస్యపై ఐక్యరాజ్యసమితికి వెళ్ళిన నిజాం ప్రతినిధి బృందంలో ఆయన ఉన్నారు. సెప్టెంబరులో హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిసిపోయింది. ఆయన పారిస్‌లోనే ఉండిపోయారు, శరణార్థిగా. మరే దేశ పౌరసత్వమూ స్వీకరించలేదు. పెళ్ళి చేసుకోలేదు. రాజకీయంగా ఆయన నిలబడిన పక్షం గురించి మన ఇళ్ళలోనే భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. ప్రవక్త (స) హిజ్రత్‌ను అడుగడుగునా చదివిన మనిషి, సొంత ఊరు వదిలిన వేదనను యాభై ఏళ్ళకు పైగా మోశారన్నది మాత్రం మేము మరచిపోలేకపోతున్నాం.

ఆ పరాయి ఊళ్ళోనే ఆయన పని పండింది. హజ్రత్ అబూ హురైరా (రజి) శిష్యుడైన హమ్మామ్ బిన్ మునబ్బిహ్ రాసుకున్న 138 హదీసుల సహీఫా ప్రతులను బెర్లిన్, డమాస్కస్‌లలో కనుగొని ప్రచురించారు. హదీసులన్నీ రెండు వందల ఏళ్ళ తరువాతే కాగితం ఎక్కాయనేవారికి అది గట్టి జవాబైంది. 1959లో ఆయన ఫ్రెంచి ఖుర్ఆన్ అనువాదం వెలువడింది. 1985లో పాకిస్తాన్ ప్రభుత్వం ఇచ్చిన పురస్కారపు డబ్బును ఇస్లామాబాద్‌లోని పరిశోధనా సంస్థకే ఇచ్చేశారు. వృద్ధాప్యంలో జబ్బుపడి అమెరికాలోని బంధువుల దగ్గరికి చేరి, 2002 డిసెంబరు 17న ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లో కన్నుమూశారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

మన జగిత్యాల, నిర్మల్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయి ట్రైలర్లు నడిపే పిల్లలు ఎందరో ఆ ఎడారి దారుల్లోనే తిరుగుతున్నారు. మా ఉమ్రా బృందంలోని పెద్దాయన కొడుకు వారిలో ఒకడు. మొన్న ఆ పుస్తకంలోని ఉహుద్ పటం జిరాక్సు తీసి ఇంటికి తీసుకువెళ్ళి ఇచ్చాం. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఉత్తరం ఎటో, హర్రా ఎటో వేలితో చాలాసేపు వెతుక్కున్నారు. తరువాత కొడుకుకు ఫోను చేసి, ఈసారి శుక్రవారం సెలవు దొరికితే ఐనైన్ గుట్ట ఎక్కి నాలుగు వైపులా చూసి తనకు చెప్పమన్నారు.