సరస్వతీపుత్ర పుట్టపర్తి నారాయణాచార్యులు

అనంతపురము నుండి బెంగుళూరునకు రైలులో పోవువారికి ధర్మవరము, పెనుగొండ, హిందూపురము అను మూడు పట్టణములు వరుసగా కానవచ్చును. ధర్మవరము పట్టుచీరలకు పేరుగన్నది. హిందూపురము బెల్లము, చింతపండు మొదలగు సరకుల వర్తకమునకు ప్రసిద్ధి కెక్కినది. ఈ రెండింటి నడుమనున్న పెనుగొండకు మాత్రము చరిత్రయే సంపద. పూర్వము అనంతపురము జిల్లాకు చెందిన ఈ మూడు పట్టణములును 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి.

ఈ సీమలో వానలు తక్కువ. కాని కథలకు మాత్రము ఎన్నడును కరవు లేదు. ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలాటవారు తరతరములుగా తెరవెనుక నిలిచి రామాయణ భారత కథలను గొంతెత్తి పాడుచు వచ్చిరి. హిందూపురము దాపుననున్న లేపాక్షి దేవాలయమున చిత్రకారులు పురాణగాథలను కప్పుమీద రంగులతో నిలిపిరి. ఆంధ్రనాటక పితామహుడని కీర్తి గాంచిన ధర్మవరము రామకృష్ణమాచార్యులును ఈ ప్రాంతమువాడే. ఇట్టి నేలపై పెరిగి, తాను నిత్యము చూచు శిథిలములకు బాల్యముననే నోరిచ్చి మాటాడించిన మహాకవి పుట్టపర్తి నారాయణాచార్యులు.

నారాయణాచార్యులు 1914 వ సంవత్సరము మార్చి 28 వ తేదీన అనంతపురమునకు సమీపమునగల చియ్యేడు గ్రామమున జన్మించెను. తండ్రి శ్రీనివాసాచార్యులు సంస్కృతాంధ్రములందు పండితుడు. వీరి యింటిపేరు తొలుత తిరుమలవారనియు, పూర్వులు పుట్టపర్తి గ్రామమున నివసించుటచే ఆ పేరు వచ్చినదనియు చెప్పుదురు. విజయనగర ప్రభువులకు గురువులైన తాతాచార్యుల వంశమునకు చెందినవారమని ఈ కుటుంబమువారి విశ్వాసము. ఆ వంశమున పుట్టిన బాలునకు విజయనగర రాజుల రెండవ రాజధానియైన పెనుగొండలో పెరుగు భాగ్యము లభించెను.

పెనుగొండ యనగా పెద్దకొండ. ఆ కొండను ఆశ్రయించి వెలసిన కోట విజయనగర సామ్రాజ్యమునకు పెట్టనికోటగా నుండెను. 1565 లో రక్కసి తంగడి యుద్ధమున విజయనగర సైన్యము ఓడిపోయెను. అళియ రామరాయలు రణరంగమున నేలకొరిగెను. ఆయన తమ్ముడు తిరుమలరాయలు రాజధానిని వీడి పెనుగొండకు వచ్చి, అచటినుండి మిగిలిన రాజ్యమును కాపాడెను. కొంతకాలమునకు రాజధాని చంద్రగిరికి తరలిపోయినది. పెనుగొండలో మిగిలినవి కోటగోడలు, గగనమహలు, గుడులు, బావులు మాత్రమే. పార్శ్వనాథుని జైనాలయమును, బాబయ్య దర్గాయును అనేక మతములవారు ఆ నగరమున కలిసి బ్రదికిరని నేటికిని తెలుపుచున్నవి.

ఊరివారికి ఆ గోడలు అలవాటైన రాళ్లు. పసులకాపరులకు అవి నీడనిచ్చు తావులు. కాని బాలుడైన నారాయణాచార్యులకు అట్లు తోచలేదు. కూలిన ప్రతి ద్వారమును ఒక కథను చెప్పనెంచి, చెప్పలేక మూగవోయినట్లు అతనికి కనబడెను. ఇచట ఏనుగులు నడచెను గదా, కవులు పాడిరి గదా, ఆ వైభవ మంతయు ఏమైనదని అతని మనస్సు తల్లడిల్లెను. ఇంటియందు తండ్రివలన నేర్చిన కావ్యపాఠములును, వీధులలో వృద్ధులు చెప్పిన గాథలును అతనిలో ఒక్కటై పద్యములుగా పొంగెను. పదునైదేండ్లు నిండకమునుపే ఆ బాలుడు పెనుగొండలక్ష్మి యను కావ్యమును రచించెను.

ఆ పేరు పెట్టుటలోనే అతని నేర్పు తెలియుచున్నది. అది కోట చరిత్రయని గాని, పెనుగొండ రాజుల వృత్తాంతమని గాని అతడు పేరిడలేదు. ఆ నగరపు సౌభాగ్యమునే లక్ష్మిగా, ప్రాణముగల మూర్తిగా భావించెను. రాజుల పేర్లును, యుద్ధముల తేదీలును మరచిపోవువారు సైతము సిరి తొలగిన ఒక తల్లిని మరువజాలరు. వినువారి హృదయమున కథకు చోటు కల్పించుటకు తొలిపలుకు ఎట్లుండవలెనో ఆ బాలకవి ఎవరును చెప్పకయే గ్రహించెను.

నారాయణాచార్యుల విద్య ఒక్క బడితోనే ముగియలేదు. ఆ కాలమున పెనుగొండలో సబ్‌కలెక్టరుగా నున్న పిట్ దొరగారి భార్య ఆంగ్లసాహిత్యమున ప్రవీణురాలు. ఆమె ఈ బాలుని చురుకుదనమును గుర్తించి, షేక్స్పియరు మొదలగు కవుల రచనలను చదివించెను. శ్రీవైష్ణవ పండితుని కుమారునకు ఆంగ్ల వనిత గురువగుట ఆనాడు వింతయే. అంతకంటె వింత మరియొకటి కలదు. ఆయన సంగీతమును నేర్చి, భరతనాట్యమును సైతము అభ్యసించెను. పండితుల యింటి పిల్లవాడు గజ్జె కట్టుటను హర్షింపనివారు ఆ దినములలో పెక్కుమంది యుండిరి. అయినను విద్య యెవరియొద్ద నున్నను నేర్వవలసినదే యని ఆయన నిశ్చయము. పాదము నేలపై పడు లయకును, పదము నాలుకపై పడు లయకును గల చుట్టరికము ఆయనకు అప్పుడే తెలిసెను. ముందు కాలమున ఆయన కవిత్వమునకు అదియే జీవమైనది.

తరువాత ఆయన తిరుపతిలోని సంస్కృత కళాశాలయందు చదివెను. విద్వాన్ పరీక్షకు సిద్ధమగునప్పుడు లోకమున ఎన్నడో గాని సంభవింపని విశేష మొకటి జరిగెను. ఆ పరీక్షకు నిర్ణయించిన పాఠ్యగ్రంథములలో పెనుగొండలక్ష్మి యొకటి. బాల్యమున తాను వ్రాసిన కావ్యమును తానే విద్యార్థియై చదివి, పరీక్ష వ్రాయవలసివచ్చెను. గ్రంథకర్తకు తన గ్రంథమున పరీక్ష సులభమేగదా యని మనము తలంతుము. కాని ఆయన ఒక చిన్న ప్రశ్నకే పుటలకొలది సమాధానము వ్రాయుచు కూర్చుండెననియు, తక్కిన ప్రశ్నలకు వ్యవధి చాలక ఆ పత్రమున తప్పెననియు సాహితీపరులు నేటికిని చెప్పుకొందురు. ఎంత తెలిసినను, వినువారు అడిగినదానికి తగినంతయే చెప్పుట వేరొక విద్య. దానిని నేర్చుకొనుటకు గ్రంథకర్తయైనను శ్రమింపక తప్పదు.

ఆ యువకుడు కుంగిపోలేదు. విద్వాన్ పట్టమును పొంది, ఉపాధ్యాయవృత్తిని చేపట్టెను. ఆయన భార్య కనకమ్మగారు సంస్కృతము చదివిన విదుషీమణి, కవయిత్రి. సంసారము పెద్దది, జీతము చిన్నది. అయినను ఆచార్యులవారి యింట పుస్తకములకు కొదువ లేకుండెను. ప్రొద్దుటూరిలో ఉపాధ్యాయులుగా నున్న కాలమున ఆయన అచటి అగస్త్యేశ్వరాలయమునకు నిత్యము పోవుచుండిరి. ఆ యాలయమున ప్రదక్షిణములు చేయుచు, నడకకు తోడుగా పలికిన పలుకులే శివతాండవ మను గేయకావ్యముగా రూపొందినవి.

శివతాండవము తెలుగున అపూర్వమైన రచన. దానిని కంటితో చదివినవారికి సగము రుచియే దక్కును. చెవితో విన్నవారికే సంపూర్ణముగా తెలియును. శివుడు నృత్యము చేయు ఘట్టములలో ఆచార్యులవారు పరుషములైన అక్షరములను కూర్చిరి. వానిని పలుకుచుండగా మద్దెల మ్రోగినట్లు, గజ్జెలు కదలినట్లు తోచును. పార్వతి లాస్యము వచ్చుసరికి మాటలు మెత్తనగును, నడక మందగించును. ఏ మాత్రపై అడుగు పడవలెనో నాట్యము నేర్చిన కవికి తెలియును గనుకనే ఇది సాధ్యమైనది. పెనుగొండలో బాలుడు కట్టిన గజ్జెలు ప్రొద్దుటూరిలో కవితయై మ్రోగినవి.

ఆచార్యులవారు ఆ కావ్యమును స్వయముగా గానము చేయుచుండిరి. ఆయన కంఠము గంభీరమైనది. ఏ సభకు వెళ్లినను, ఏ విషయముపై ప్రసంగించినను, చివరకు సభికులు శివతాండవమును వినిపింపుమని కోరకుండ విడిచెడివారు కారు. అక్షరము తెలియనివారును ఆ గానమును విని పరవశులగుచుండిరి. 1963 లో కడపయందు ఆకాశవాణి కేంద్రము ఏర్పడెను. ఆకాశవాణి ద్వారా ఆయన కంఠము సభకు రాలేనివారికి సైతము వినవచ్చెను. రేడియోలో కన్నులకు పని లేదు. వేషము లేదు, దీపము లేదు, తెర లేదు. శబ్దమొక్కటియే దృశ్యమును కల్పింపవలెను. తోలుబొమ్మలాటవారు తెరవెనుక నుండి చేసిన పనినే ఆచార్యులవారు బొమ్మలును లేకుండ చేయగలిగిరి.

భాషల విషయమున ఆయనకు గల ఆకలికి అంతు లేదు. తెలుగు, సంస్కృతము, ప్రాకృతము, కన్నడము, తమిళము, మలయాళము, హిందీ, ఆంగ్లము మొదలుగా పదునాలుగు భాషలు ఆయనకు వచ్చునని ప్రసిద్ధి. కొంతకాలము తిరువనంతపురమున ద్రావిడభాషలకు సంబంధించిన నిఘంటువు పనిలో పాల్గొనిరి. విశ్వనాథ సత్యనారాయణగారి ఏకవీర నవలను మలయాళమునకు అనువదించిరి. ఆంగ్లమున లీవ్స్ ఇన్ ది విండ్ అను కవితాసంపుటిని వెలువరించిరి. తెలుగువారి కథను మలయాళీలకును, ఇతర భాషలవారి సంపదను తెలుగువారికిని అందించుట తన ధర్మముగా ఆయన తలచిరి.

ఇంత ప్రతిభ యుండియు ఆయన జీవితము సుఖముగా సాగలేదు. తగిన గుర్తింపు లభింపని కాలములో మనస్సు విరిగి, సంసారమును విడిచి హిమాలయములకు పోయిరి. హృషీకేశమున స్వామి శివానందులు ఆయన పాండిత్యమును చూచి సంతోషించి, సరస్వతీపుత్ర యను బిరుదము నొసగిరి. ఆచార్యులవారు ఆ బిరుదముతో తిరిగి యింటికి వచ్చి, సాహిత్యసేవయే తన తపస్సని నమ్మి రచన సాగించిరి. పద్మశ్రీ మొదలగు గౌరవములు తరువాత వచ్చినను, శివానందు లిచ్చిన ఆ పేరే ప్రజల నాలుకలపై నిలిచినది.

ఆయన రచనలు పెక్కులు. పండరీభాగవతము భక్తుల గాథలను ద్విపదలో చెప్పిన కావ్యము. పల్లెలయందు పదిమంది కూర్చుండి పాడుకొనుటకు ద్విపద యనువైనది గనుక దానిని ఎన్నుకొనిరి. జనప్రియ రామాయణము, శ్రీనివాస ప్రబంధము ఆయన ఇతర కృతులు. 1972 లో భారతప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నొసగెను. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటుతో సత్కరించెను. ఉత్తరవయస్సున ఆయన కడపయందు నివసించిరి. 1990 వ సంవత్సరము సెప్టెంబరు 1 వ తేదీన అచటనే పరమపదించిరి.

నేటి విద్యార్థులకు ఆచార్యులవారి కాలమున లేని సాధనములు కలవు. చేతిలో నిమిడెడు ఫోనులో తమ కంఠమును ముద్రించి, పాడ్‌కాస్టు అను పేర దేశదేశములవారికి కథలను వినిపింపవచ్చును. బడులలో నేడు విద్యార్థులచే ఇట్టి శ్రవ్యకథలను చేయించుచున్నారు. యంత్రము కొత్తదే గాని, దానియెదుట నిలిచి మాటలాడువాని ధర్మము పాతదియే. చెప్పదలచిన వస్తువును ప్రేమింపవలెను. తన యూరి రాతిని, బావిని, వృద్ధులను అడిగి తెలిసికొనవలెను. మొదటి మాటతోనే వినువాని మనస్సును పట్టవలెను. తెలిసినదంతయు గ్రుమ్మరింపక తగినంతయే చెప్పవలెను. అక్షరముల ధ్వని నెరిగి పలుకవలెను. ఇవి యన్నియు పెనుగొండలక్ష్మియందును, విద్వాన్ పరీక్షయందును, శివతాండవమందును ఆచార్యులవారి జీవితము మనకు నేర్పిన పాఠములే.

పెనుగొండ కోట నేటికిని కొండపై శిథిలముగనే యున్నది. రాజులు దానిని తిరిగి కట్టింపలేదు. కాని బడికి పోవు బాలు డొకడు దానిని మాటలతో కట్టి నిలిపెను. ఆ కట్టడమునకు బీటలు లేవు. మన యూరియందును చెప్పువాడు లేక మూగవోయిన కథలు పెక్కు కలవు. వానికి నోరిచ్చుటకు వయస్సు గాని, ధనము గాని అడ్డు కాజాలవు. చూచెడి కన్నును, కరగెడి హృదయమును, శ్రమించెడి నాలుకయును ఉండిన చాలును.